పదో గంట

మిల్లు యజమాని లాభమంతా రోజులోని చివరి గంటలోనే పుడుతుందనీ, ఆ గంట తగ్గిస్తే పరిశ్రమ కుప్పకూలుతుందనీ 1837లో ఆక్స్‌ఫర్డ్ మాజీ ఆచార్యుడు నసావు సీనియర్ లెక్కలు కట్టి మరీ చెప్పాడు. పదేళ్ల తర్వాత చేసిన చట్టంతో ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకు, యువ కార్మికులకు రోజుకు పది గంటల పరిమితి వచ్చింది. పరిశ్రమ కూలలేదు. సీనియర్ లెక్కను మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ఉతికి ఆరేశాడు.

2025లో మన రెండు రాష్ట్రాలూ పది గంటల దాకా వచ్చాయి, ఎదురు దిక్కు నుంచి. తెలంగాణ వాణిజ్య సంస్థలకు ఉత్తర్వు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లో తొమ్మిదిని పది చేసింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది, నిజమే. ఆడవాళ్ల రాత్రి షిఫ్టుకు వాళ్ల అంగీకారం ఉండాలన్న షరతూ ఉంది.

ఆ అంగీకారం దగ్గరే మా అభ్యంతరం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లకు పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వెళ్లే ఆడవాళ్లను చూడండి. పొద్దస్తమానం నిలబడి, ఐసులో వేసిన రొయ్యల తలలు తీస్తారు, పొట్టు ఒలుస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బస్సులో గడిచే సమయం, ఇంటికెళ్లి వంట చేసే సమయం ఏ చట్టం లెక్కలోకీ రావు. ‘రాత్రి షిఫ్టుకు ఉంటావా అమ్మా?’ అని సూపర్‌వైజర్ అడిగితే, డ్వాక్రా కిస్తీ కట్టాల్సిన మనిషి ఏమంటుంది? ఉంటానంటుంది. కాగితం మీద అది ఆమె ఇష్టం.

కార్మికుడికి రెండు స్వేచ్ఛలున్నాయన్నాడు మార్క్స్: ఎవరికీ బానిస కాడు, బతకడానికి చేతుల్లో శ్రమ తప్ప మరేదీ లేదు. ఈ రెండో స్వేచ్ఛే మొదటిదాన్ని మింగేస్తోంది. మాదాపూర్ ఆఫీసుల్లోనైతే గద్దించే మేస్త్రీ కూడా అక్కర్లేదు. మనిషి తనను తానే తరుముకుంటాడని తత్వవేత్త బ్యుంగ్-చుల్ హాన్ 2010లోనే రాశాడు.

మార్క్స్ చెప్పినవన్నీ ఒప్పుకోనక్కర్లేదు. కానీ బతుకుతెరువు పని ముగిసిన చోటే అసలు స్వేచ్ఛ మొదలవుతుందనీ, దానికి పనిదినం తగ్గడమే పునాది అనీ ఆయన అన్న మాట మాకు పూర్తిగా సమ్మతం. చదువుకోవడానికి, పాడుకోవడానికి, ఊరికే కూర్చోవడానికి మనిషికి పొద్దు మిగలాలి. సాహిత్య పత్రిక దీని గురించి మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

తనిఖీకి వెళ్లే కార్మిక శాఖ అధికారులు సంతకాల కాగితాలు చూసి వచ్చేయకూడదు. వద్దన్నవాళ్ల పేర్లు అడగాలి. వాళ్లకు మరుసటి వారం కూడా పని ఇచ్చారో లేదో హాజరు పట్టీలో చూడాలి.