రోదసీసంస్థ ప్రథమకర్తవ్యము

2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయానము చంద్రునిపై దిగినప్పుడు దేశమెల్ల హర్షించినది. హర్షింపవలసినదే. కాని 1969లో ఇస్రో వెలసినది జయధ్వజములెత్తుటకు కాదు. చంద్రునికై ధనికదేశములతో పోటీపడు కోరిక మనకు లేదనియు, సామాన్యజనుల కష్టములకు శాస్త్రమును వినియోగించుటయే లక్ష్యమనియు విక్రమ్ సారాభాయి స్పష్టపరచియుండెను.

1975లో ఆంధ్రదేశము మొదలగు ఆరు రాష్ట్రములందలి 2,400 పల్లెలకు ఉపగ్రహముద్వారా సేద్యపు పాఠములు ప్రసారమయ్యెను. ఉపగ్రహము అమెరికావారిది, ఏడాది కాగానే మరల్చుకొనిరి. ఎరువుసొమ్ము బరువుచేటు గదా! మరుసటి యేడే, 1977 నవంబరు 19న, ఉప్పెన దివిసీమలో వేలకొలది ప్రాణములను మ్రింగెను. నాడు ఆకాశమున మనకంటూ ఒక కన్ను లేదు. 1983లో ఇన్సాట్-1బి (అదియు విదేశమున నిర్మితమైనదే) పైకెగసిన పిమ్మట తుపానుమేఘములు నడిసంద్రముననే కనబడసాగినవి. 2013లో ఫైలిన్ ఒడిశాతీరమును తాకునప్పటికే లక్షలాది జనులను సురక్షితస్థలములకు తరలించిరి. మృతులసంఖ్య పదులలో నిలిచెను. వాతావరణశాఖవారును, జిల్లాల యధికారులును పడిన శ్రమ తక్కువది కాదు. కాని ముందుగా చూచినది ఉపగ్రహమే.

మనుష్యులను రోదసికి పంపు గగనయాన పథకపు వ్యయమును 2024లో ప్రభుత్వము 20,193 కోట్ల రూపాయలకు పెంచినది. వలదని మేమనము. ఆ యేటనే ఫిబ్రవరిలో శ్రీహరికోటనుండి ఇన్సాట్-3డిఎస్ వాతావరణోపగ్రహము ఎగిరినది. దాని ఖర్చును భూవిజ్ఞానశాఖ భరించినది. చంద్రయానమునకు దక్కిన చప్పట్లలో నూరవ పాలైనను దానికి దక్కలేదు. పార్లమెంటు సభ్యులు గగనయానపు తేదీని ఆతురతతో అడుగుచున్నారు. తరువాతి వాతావరణోపగ్రహపు తేదీనికూడ అడుగుదురుగాక.