ఆధారము చూపు చదువు

ప్రతి సంవత్సరమును తొలకరితోపాటు మన కళాశాలల ద్వారములు తెరచుకొనును. వేలకొలది బాలబాలికలు పల్లెలనుండి పట్టణములకు వచ్చి డిగ్రీ మొదటి సంవత్సరమున చేరుదురు. వీరిలో అనేకులు తమ యింట కళాశాల గడప త్రొక్కిన మొదటివారు. పొలము కుదువపెట్టియో, కూలిడబ్బు కూడబెట్టియో తల్లిదండ్రులు వీరిని పంపుచున్నారు. ఆ బిడ్డలకు ఈ మొదటి సంవత్సరమున మన మేమి నేర్పుచున్నాము? విశ్వవిద్యాలయాధికారులును, అధ్యాపకులును ఈ ప్రశ్నను తమకుతాము వేసికొనవలసిన సమయము వచ్చినది.

ఇంటర్మీడియెట్ రెండు సంవత్సరములును మన విద్యార్థి చేసిన పని యొక్కటే. ముఖ్యమైన ప్రశ్నలనబడు వానిని గుర్తుపెట్టుకొని, సిద్ధముచేసిన జవాబులను వల్లించి, మూడు గంటలలో కాగితముమీద దింపి వచ్చుట. ఆ పని చక్కగా చేసినవానికి మార్కులును వచ్చినవి, మెప్పును వచ్చినది. అట్టివానిని కళాశాలలో ‘మా మండలములోని చెఱువులు’ అను విషయమునుగూర్చి పది పుటలు వ్రాసి తెమ్మనగా, అంతర్జాలమున దొరికిన నాలుగు పేరాలను ఒకచోట చేర్చి, పైన రంగుల అట్ట తొడిగి తెచ్చి యిచ్చును. అధ్యాపకుడు చివరి పుటమీద సంతకము చేయును. లోపలి మాటలెవరివని అడిగినవారు లేరు, చెప్పినవారును లేరు. తన యూరి చెఱువుగట్టున నిలిచి చూచిన బాలుడు, తాను చూచినదానిని ఒక్క వాక్యమైనను వ్రాయడు. దీనిని దొంగతనమని విద్యార్థిని నిందించుట మాకు సమ్మతము కాదు. ఎత్తివ్రాయుటయే చదువని పన్నెండేండ్లు నేర్పి, పదుమూడవయేట దానినే నేరమనుట న్యాయము కానేరదు.

నిబంధనలు లేకపోలేదు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు 2018లో గ్రంథచౌర్య నివారణకై నియమావళిని ప్రకటించిరి. దాని ప్రకారము ఇతరుల రచనతో పోలిక నూటికి 10 వంతులవరకు దండన లేదు. 60 వంతులు మించినచో సిద్ధాంతవ్యాసము సమర్పించినవాని నమోదే రద్దగును. అయితే ఈ కొలతలు పరిశోధన వ్యాసములకును, గ్రంథములకును ఉద్దేశింపబడినవేగాని, తరగతిలో వ్రాయు వ్యాసములకును, పరీక్షాపత్రములకును వర్తింపవు. పదునెనిమిదేండ్ల బాలునికి అట్టి దండన తగదు గనుక ఈ మినహాయింపును మేము తప్పుపట్టము. కాని దండన లేనిచోట బోధన యుండవలెను గదా! డిగ్రీ పాఠ్యక్రమమునందే ఈ ధర్మములను చేర్చవలెనని ఆ నియమావళియే చెప్పుచున్నది. ఒక పూట ఉపన్యాసముతోను, ఒక హామీపత్రముపై సంతకముతోను ఆ విధి తీరినదని ఎవరును తలపరాదు.

ఆధారము చూపుట పాశ్చాత్యుల ఆచారమనియు, గురువు చెప్పినది విని నమ్ముటయే మన సంప్రదాయమనియు కొందరు పలుకుదురు. ఇది మన చరిత్ర నెరుగని మాట. మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య రచించుచు, మూలము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. అడుగడుగున కోశమునో వ్యాకరణమునో పేర్కొని ఆ ప్రతిజ్ఞను చెల్లించుకొనెను. మన కాలమునకు సమీపమున, నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాట వినవచ్చినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు దూషణకు దూషణ చెప్పలేదు. రచనలను సేకరించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. అంతకుమించిన సమాధానము అక్కరలేకపోయెను. ఆధారమునకుగల బలము అట్టిది.

అట్లయిన మొదటి సంవత్సరమున చేయవలసినదేమి? పెద్ద గ్రంథముల పట్టిక అక్కరలేదు. ఒక్క ప్రకరణము చాలును. ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. అందు కాకతీయుల కాలపు జనజీవనమును వర్ణించుచు రచయిత ‘క్రీడాభిరామము’ను సాక్ష్యముగా తెచ్చిరి. దానిని తరగతిలో చదివింపవలెను. రచయిత చెప్పినదేమో విద్యార్థి మొదట తన మాటలలో నాలుగు వాక్యములు వ్రాయవలెను. పిదప, ఏ ఆధారమున చెప్పిరని అడుగవలెను. ఆధారము ఒక కావ్యమని తెలిసినతోడనే అసలు ప్రశ్న పుట్టును. కాకతీయ రాజ్యము 1323లో కూలినది. క్రీడాభిరామము అటుతరువాతి రచన. సంస్కృతమునందలి ‘ప్రేమాభిరామము’ దానికి మూలమని చెప్పుదురు. కర్త వినుకొండ వల్లభరాయడని గ్రంథము చెప్పుచుండగా, శ్రీనాథుడని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఇట్టి కావ్యము కాకతీయుల ఓరుగంటి వీథులకు ఎంతవరకు సాక్ష్యము కాగలదు? అందలి వేషములలో, వినోదములలో, అంగళ్లలో కవి కన్నవేవి, విన్నవేవి, తన కాలమునుండి తెచ్చి చేర్చినవేవి? దీనికి ఏ గైడుపుస్తకమునందును సిద్ధమైన జవాబు లేదు. నమ్మవచ్చునని ఒకడనును, నమ్మరాదని మరియొకడనును. ఇద్దరును కారణము చూపవలెను. ఎదుటివాని కారణమును న్యాయముగా చెప్పి పిదప తన మాట చెప్పవలెను. విమర్శించి వ్రాయుటయన ఇంతకంటె వేరొకటి కాదు.

ఇక ఆధారమును పేర్కొను పద్ధతి. కర్తపేరు, గ్రంథనామము, ముద్రణ సంవత్సరము, పుటసంఖ్య అను నాలుగును అల్పవిషయములుగా కనబడును. ముద్రణ మారిన పుటలు మారును గనుక, ఏ ముద్రణయో చెప్పని పుటసంఖ్య నిష్ప్రయోజనము. ఈ కారణమును విప్పి చెప్పిన విద్యార్థి మరువడు. కారణము చెప్పక, చుక్క యెచ్చట, కామా యెచ్చటనని మార్కులు తగ్గించిన వానికి విసుగు పుట్టును. ఆధారము చూపుట మొదట ఋణమును ఒప్పుకొనుట. అంతకుమించి, నా మాట నమ్మనక్కరలేదు, నీవే పోయి చూడుమని చదువరికి చెప్పుట. తన తప్పును ఇతరులు పట్టుకొనుటకు తానే దారి చూపుట. ఈ నిజాయితీ అలవడినగాని పాండిత్యము నిలువదు.

2022 చివరనుండి, అడిగినతోడనే వ్యాసము వ్రాసియిచ్చు యంత్రములు అందరికిని అందుబాటులోనికి వచ్చినవి. ఇవి ఒక్కొక్కప్పుడు లేని గ్రంథములకు పేర్లు పెట్టి, లేని పుటలను చూపుచున్నవి. వీనిని నిషేధించితిమని ప్రకటించినంతమాత్రమున విద్యార్థి చేతినుండి ఇవి పోవు. యంత్రము చెప్పిన గ్రంథము నిజముగా నున్నదో లేదో, ఆ పుటలో ఆ మాట యున్నదో లేదో గ్రంథాలయమునకు పోయి చూచివచ్చు అలవాటు గలవానికి దానివలన మేలే కలుగవచ్చును. ఆ అలవాటు లేనివాడు దాని వాక్కునే వేదవాక్యముగా గైకొనును.

భాషనుగూర్చియు ఒకమాట. 2021లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము డిగ్రీ కళాశాలలలో ఆంగ్ల మాధ్యమమును ప్రవేశపెట్ట నిశ్చయించినది. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు వేరుగా విచారింపదగినవి. కాని, భాష పట్టుబడనివాడు వాక్యమును ఎత్తివ్రాయగలడేగాని మార్చి వ్రాయలేడని అధ్యాపకులందరును ఎరుగుదురు. నీ మాటలలో చెప్పుమనిన, వాని మాటలు తెలుగున నున్నవి! కావున మొదటి చిత్తుప్రతిని తెలుగున ఆలోచించి, తెలుగున వ్రాయనిచ్చి, పిదప ఆంగ్లమునకు తెచ్చుకొనుట నేర్పవలెను. ఆలోచన మాతృభాషలో స్థిరపడినవాడు ఏ భాషలోనైనను తన మాట తాను చెప్పగలడు.

ఇదంతయు అధ్యాపకుని శ్రమమీద ఆధారపడియున్నది. అరువదిమంది గల తరగతిలో తలకొక పుట వ్రాయించి, పుటకు ఐదు నిమిషములు వెచ్చించినను దిద్దుటకు ఐదు గంటలు పట్టును. నాలుగు తరగతులున్నవానికి ఇరువది గంటలు. ఈ గంటలను బోధనలో భాగముగా లెక్కింపక, ఉపన్యసించిన గంటలకే వేతనము కొలిచి యిచ్చుచు, విద్యార్థులు వ్రాయనేరరని వగచుట వ్యర్థము. ఖాళీగానున్న అధ్యాపక పదవులను నింపుట, పక్షమున కొక్కసారియైన ఇట్టి వ్రాత వ్రాయించి దిద్దుటకు కాలము కేటాయించుట, గ్రంథాలయమును తరగతులు ముగిసినపిదపగూడ తెరచియుంచుట, కంఠస్థము చేసిన జవాబునకుగాక కారణము చూపిన జవాబునకు మార్కులిచ్చునట్లు ప్రశ్నపత్రములను మార్చుట: ఈ నాలుగింటిని ప్రభుత్వములును, విశ్వవిద్యాలయములును వెంటనే చేపట్టవలెనని కోరుచున్నాము. ప్రశ్నపత్రము మారనిదే మిగిలిన మూడును ఫలింపవు.

ఇతరులకు చెప్పుటకు ముందు మా దోషమును మేము ఒప్పుకొనుట ధర్మము. విశ్వసనీయ వర్గములవలన తెలిసినదని వ్రాసి, ఆ వర్గము లెవ్వరో చెప్పకుండుట మా వృత్తియందు అలవాటైపోయినది. కొన్నిచోట్ల అది తప్పనిసరి. అనేక స్థలములయందు అది సోమరితనమే. ఎవరు చెప్పిరి, ఎట్లు తెలిసినది అని అడుగు పాఠకులు పెరిగిననాడు పత్రికలును జాగ్రత్తగా వ్రాయక తప్పదు. ఆ పాఠకులు కళాశాలలనుండియే రావలెను.

కులమునుగూర్చియు, మతమునుగూర్చియు, పొరుగువారినిగూర్చియు పుట్టుక తెలియని వార్తలు నేడు క్షణములో ఇంటింటికి చేరుచున్నవి. వానిని చదివి చేతులెత్తి కొట్టుకొనువారును, చదివి ‘దీనికి ఆధారమేమి?’ యని ఆగువారును ఒకే ఊరిలో నున్నారు. స్వరాజ్యమును నిలుపువారు రెండవ తెగవారే. ప్రజలు తమ్ము తాము పాలించుకొను దేశమున ఈ చిన్న ప్రశ్నను అడుగగల శక్తి ప్రతి పౌరునికిని ఉండవలెను. మొదటి సంవత్సరపు తరగతిగదిలో, ఒక పుట చదివించి, ఒక పుట వ్రాయించి, ఎఱ్ఱసిరాతో దిద్దియిచ్చు అధ్యాపకుడు ఆ శక్తినే నాటుచున్నాడు. ఆ పనికి కావలసిన కాలమును, గౌరవమును ఆయనకు సమకూర్చుట మనయందరి విధి.