నాన్నా, ఇటు తిరగండి

మన వాళ్ళ విహారయాత్రలకి ఈ మధ్య రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు ముందే తయారైపోతోంది. ఎక్కడ నిలబడాలి, ఎన్నింటికి నిలబడాలి, ఏ రంగు బట్టలేసుకోవాలి, వెనకాల ఏం పడాలి, అన్నీ అందులో ఉంటాయి. ఎవరో తీసిన ఫొటో ఫోన్లో తెరిచి పట్టుకుని, అచ్చం అలాంటిదే మనమూ తీసుకొస్తాం. రెండూ సరిపోలితే ట్రిప్పు సక్సెస్. ఆ రోజు మబ్బు పట్టిందా, డబ్బులు దండగ. దీన్ని విహారం అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఇది సెలవు పెట్టి మరీ చేసే టెస్టింగ్ ఉద్యోగం, అదీ జీతం లేకుండా.

ఈ ఆలోచన కొత్తదేం కాదు లెండి. 1977లో వచ్చిన 'ఆన్ ఫొటోగ్రఫీ'లో సూసన్ సాంటాగ్ ఈ సంగతి పట్టుకున్నారు. పని, పని అంటూ బతికే జర్మన్లకీ, జపాన్ వాళ్ళకీ, అమెరికన్లకీ సెలవులో ఖాళీగా ఉండాలంటే కంగారనీ, కెమెరా పనిలాంటిదేదో చేతికిచ్చి ఆ కంగారు తగ్గిస్తుందనీ ఆవిడ వాదన. ఆవిడ 2004లో పోయారు కానీ, ఇప్పుడుంటే ఆ జాబితాలో హెచ్-1బి మీదున్న మనల్ని కూడా కలిపేవారు.

నమ్మకపోతే అరిజోనాలోని పేజ్ అనే చిన్న ఊరికి వెళ్ళి చూడండి. గ్రాండ్ కాన్యన్ వెళ్ళిన మన వాళ్ళు చాలామంది దాన్నీ ఆ ట్రిప్పుకే తగిలిస్తారు. అక్కడి యాంటిలోప్ కాన్యన్ నవహో జాతి వాళ్ళ నేల, గైడు లేకుండా లోపలికి పోనివ్వరు. వేసవి మిట్టమధ్యాహ్నం పైనున్న సన్నటి చీలికలోంచి ఎండ స్తంభంలా దిగుతుంది. గాల్లో దుమ్ము లేకపోతే ఆ స్తంభం ఫొటోలో సరిగ్గా పడదు. అంచేత గైడు గుప్పెడు ఇసుక ఎగరేస్తాడు, అందరూ టకటకా నొక్కుతారు. వెనక బ్యాచ్ వస్తోంది, పదండి పదండి!

ఆ చోటుకి నవహో భాషలో ఉన్న పేరుకి అర్థం, రాళ్ళ గుండా నీళ్ళు పారే చోటు అని. ఆ గోడల మీది మెలికలన్నీ వరద చెక్కినవే. 1997 ఆగస్టు 12న ఎక్కడో మైళ్ళ దూరంలో కురిసిన వాన ఆ ఇరుకు సందులోకి వరదై వచ్చి 11 మంది యాత్రికులని మింగేసింది. మేం వెళ్ళినప్పుడు గైడు ఈ నీళ్ళ కథ చెప్పబోయాడు. గుంపులోంచి వచ్చిన మొదటి ప్రశ్న, ఫోన్లో ఏ సెట్టింగు పెడితే రంగులు బాగా వస్తాయని. పాపం అతను కథ ఆపేసి ఫోను అందుకున్నాడు.

ఆ పక్కనే హార్స్‌షూ బెండ్. వెయ్యి అడుగుల కింద కొలరాడో నది గుర్రపు నాడాలా తిరుగుతుంది. పడిపోతున్నారని 2018లో అంచున కొంతమేర కంచె కట్టారు. ఆ కంచె ఫొటోలో పడుతుందని, కంచె లేని వైపుకి పిల్లల్ని నడిపించుకుపోయే వాళ్ళని నేను చూశాను.

మన ప్రాణం మనిష్టం అంటారా? అక్కడ కాపురముండే వాళ్ళ మాటేమిటి? జపాన్‌లో ఫుజికవాగుచికో అనే ఊళ్ళో ఒక మామూలు కిరాణా దుకాణం ఉంది. దాని వెనకాల ఫుజి పర్వతం కనిపించడం ఆ ఊరి పాపమైపోయింది. జనం రోడ్డుకి అడ్డంగా పరిగెత్తడం, చెత్త పడేయడం, పక్కనున్న పంటి డాక్టరు గారి స్థలంలోకి దూరడం. విసిగిపోయి 2024 మే నెలలో రెండున్నర మీటర్ల ఎత్తున, 20 మీటర్ల పొడవున నల్లటి తెర కట్టారు. కొద్ది రోజుల్లోనే కెమెరా పట్టేంత కన్నాలు పడ్డాయి దానికి! ఆగస్టులో ఆ తెర తీసేశారనుకోండి, కానీ సొంత కొండని సొంత ఊరివాళ్ళే దాచుకోవాల్సి రావడం మాటలా?

మన అరకులో మాత్రం తక్కువ తిన్నామా? థింసా ఆడుతున్న ఆడవాళ్ళ వరసలోకి దూరి, రెండడుగులు వేసి, ఫొటో పడగానే నోటు చేతిలో పెట్టి కారెక్కుతాం. ఆ ఆట ఏ పండగకి ఆడతారో అడిగిన వాళ్ళెందరు?

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. ఆర్నెల్లకని ఇక్కడికొచ్చిన మన అమ్మానాన్నలు. ఆయన జీవితంలో మొదటిసారి నయాగరా ముందు నిలబడి, నోరు తెరుచుకుని చూస్తుంటాడు. అప్పుడు మనం "నాన్నా, ఇటు తిరగండి" అంటాం. అంటే జలపాతానికి వీపు పెట్టమని! పాపం తిరుగుతాడు. అమ్మ స్వెట్టర్ విప్పమంటే చలిలో విప్పుతుంది, చీర కనపడాలి కదా. ఇరవై ఫొటోలయ్యాక పార్కింగ్ టైమైపోతుంది.

ఫొటోలుంటేనే కదా జ్ఞాపకాలు అంటారు. ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీలో లిండా హెంకెల్ చేసి, 2014లో ప్రచురించిన పరిశోధన ఉంది. మ్యూజియంలో వస్తువులని ఊరికే చూసిన వాటికన్నా, ఫొటో తీసిన వాటిని జనం తక్కువగా గుర్తుపెట్టుకున్నారు. అయితే వస్తువులో ఒక భాగం మీదకి జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం లేదు. కాబట్టి తప్పు కెమెరాది కాదు, చూసే పని కూడా దానికే అప్పజెప్పిన మనది.

1871లో విలియం హెన్రీ జాక్సన్ ఎల్లోస్టోన్‌లో గాజు పలకల మీద ఫొటోలు తీశాడు. పలకకి రసాయనం పూసి, అది ఆరేలోపే తీసి, అక్కడికక్కడే కడగాలి. దేన్ని తీయాలో ఎంత చూసుకుని ఉండాలి! మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెసు దాన్ని నేషనల్ పార్కు చేయడానికి ఆ ఫొటోలు కూడా సాయపడ్డాయి.

వీసా రాని అమ్మమ్మకి చూపించాలంటారా, తప్పకుండా తీయండి. దానికి ఒకటి చాలు, అదీ వచ్చేసే ముందు. మనుషులనైతే అడిగి తీయండి, వద్దంటే మానేయండి. నాన్నగారు నీళ్ళు చూస్తున్నప్పుడు మాత్రం ఆయన్ని పిలవకండి. ఆయన పక్కకి వెళ్ళి, ఆయన చూస్తున్న వైపే మీరూ కాసేపు చూడండి. పార్కింగుకి ఇంకో పది డాలర్లు అయితే అయ్యాయి.