దారి మారితే చదివిన చదువు వృథానా?

పదో తరగతి పరీక్షలు అయిపోగానే మీ ఇళ్ళలో మొదలయ్యే చర్చ ఏమిటో నాకు తెలుసు. ఎం.పి.సి.యా, బై.పి.సి.యా? ఆ మాటలు వింటుంటే, పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి రైలెక్కించి తలుపులకు తాళం వేస్తున్నట్లు ఉంటుంది. మధ్యలో జంక్షన్లు లేవు, బండి మారడం లేదు, ఎక్కిన బండి ఎక్కడ ఆగితే అక్కడే దిగాలి! మీరు కూడా అలాగే అనుకుంటున్నారా? అయితే ఒక్క నిమిషం ఆగండి.

ఇంటర్నెట్‌లో మనుషులు ఎలా ప్రవర్తిస్తారు, ఎందుకలా ప్రవర్తిస్తారు అని పరిశోధించే మనస్తత్వశాస్త్ర శాఖ ఒకటి ఉంది. మన ఊళ్ళలో ఆ మాట విన్నవారు తక్కువ. అందులో పనిచేస్తున్న వారిలో వేరే శాస్త్రం చదువుకుని, ఆ తర్వాత దారి మార్చుకుని వచ్చినవారు ఉన్నారు. వారి సంగతి మీకు చెప్పాలని నాకు తోచింది మా పాత విద్యార్థి ఒకడి వల్ల. ఇంజనీరింగు చదివాడు. హైదరాబాదులో ఆరేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇప్పుడు అది మానేసి మనస్తత్వశాస్త్రం చదువుతానంటున్నాడు. వాళ్ళ నాన్నగారు నా దగ్గరకు వచ్చి, "అప్పు చేసి చదివించింది ఇందుకేనా మాస్టారూ?" అన్నారు. తేలిగ్గా తీసిపారేయవలసిన ప్రశ్న కాదది.

నేను ఆయనకు కీచురాళ్ళ కథ చెప్పాను. మీరూ వినండి.

డంకన్ వాట్స్ అని ఆస్ట్రేలియా యువకుడు ఒకడు భౌతికశాస్త్రం చదివాడు. ఆ దేశపు నౌకాదళంలో అధికారి హోదా కూడా పొందాడు. తరువాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ స్ట్రోగాట్జ్ అనే గణితవేత్త దగ్గర పరిశోధనలో చేరాడు. ఏ విషయం మీద అనుకున్నారు? కీచురాళ్ళు! రాత్రివేళ చెట్ల మీద వేలాది కీచురాళ్ళు ఒకేసారి, ఒకే తాళంలో కూస్తాయి. వాటికి తాళం వేసే నాయకుడు ఎవడూ లేడు. మరి ఎలా కలుస్తున్నాయి? ఏ కీచురాయి ఏ కీచురాయి కూత వింటున్నది? ఈ ప్రశ్న తలలో తిరుగుతున్న రోజుల్లోనే వాళ్ళ నాన్న ఫోనులో మాటల మధ్య, "అమెరికా అధ్యక్షుడికీ మనకూ మధ్య ఆరు కరచాలనాల దూరమేనట, విన్నావా?" అన్నాడు. వాట్స్‌కు చటుక్కున తోచింది: కీచురాళ్ళ గురించి తాను అడుగుతున్న ప్రశ్ననే మనుషుల గురించీ అడగవచ్చు కదా! ఎవరు ఎవరి మాట వింటున్నారు? 1998లో గురుశిష్యులిద్దరూ కలిసి 'నేచర్' పత్రికలో ప్రచురించిన వ్యాసం జగత్ప్రసిద్ధమైంది. 2000లో వాట్స్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. భౌతికశాస్త్ర విభాగంలో కాదు సుమా, సామాజికశాస్త్ర విభాగంలో!

అక్కడ ఆయన సహచరులతో కలిసి చేసిన ఒక ప్రయోగం నాకు మహా ఇష్టం. సినిమా పాట ఒకటి హిట్టయిందంటే, పాట బాగుండి హిట్టయిందా, పదిమందీ వింటున్నారని మనమూ విని హిట్టయిందా? మామూలుగా దీన్ని తేల్చడానికి వీలు లేదు. జరిగినది ఒక్కసారే జరిగింది; కాలాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ జరిపించలేం. వాళ్ళు ఏం చేశారంటే, ఇంటర్నెట్‌లో ఒక వెబ్‌సైటు పెట్టి, ఎవరూ పేరు వినని బృందాల పాటలు 48 అందులో ఉంచారు. వచ్చినవారు పాట వినవచ్చు, నచ్చితే ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మొత్తం 14,341 మంది పాల్గొన్నారు. వారిలో కొందరికి పాటల పేర్లు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది 'లోకాలు'గా విడదీశారు. ఒక్కొక్క లోకంలో, ఆ లోకం వాళ్ళు ఏ పాటను ఎన్నిసార్లు తీసుకున్నారో లెక్క కనబడుతుంది. పక్క లోకం లెక్క కనబడదు. ఎనిమిది లోకాలూ సున్నాతోనే మొదలయ్యాయి. కాలాన్ని వెనక్కి తిప్పలేకపోతేనేం, ఒకే కాలాన్ని ఎనిమిది చోట్ల పక్కపక్కనే నడిపించారన్నమాట!

ఫలితం 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. లెక్క కనబడని వారి అభిప్రాయంలో 26వ స్థానంలో ఉన్న పాట ఒకటి, ఒక లోకంలో మొదటి స్థానానికి ఎక్కింది, మరో లోకంలో 40వ స్థానానికి దిగజారింది. అదే పాట! మరీ మంచి పాటలు అట్టడుక్కి పోవడం, మరీ చెత్త పాటలు అగ్రస్థానానికి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటి తలరాత మాత్రం మొదట వచ్చిన కొద్దిమంది ఎటు మొగ్గారన్నదాని మీద ఆధారపడింది.

ఇప్పుడు చెప్పండి, వాట్స్ చదివిన భౌతికశాస్త్రం వృథా అయిందా? ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి తక్కినవన్నీ సమానంగా ఉంచాలన్న బుద్ధి ప్రయోగశాల ఇచ్చినదే. మీరు లోలకం ప్రయోగంలో బరువు మార్చకుండా దారం పొడవు మాత్రమే మారుస్తారే, అదే ఇది. వాట్స్‌ను అందరూ సామాజికశాస్త్రజ్ఞుడనే అంటారు. కాని పక్కవాడి ఇష్టాన్ని చూసి మన ఇష్టం ఎలా మారుతుందన్నది మనసుకు సంబంధించిన ప్రశ్న కాదంటారా?

అయితే ఇంజనీరింగు చదివిన వాడికి మనుషుల గురించి తెలుసుకోవడం నల్లేరు మీద బండినడక అని అనుకోకండి. ఈ భ్రమ కలవారు దయచేసి ఆ రంగంలోకి రాకుండా ఉంటేనే మంచిదని నా అభిప్రాయం. వియన్నా నగరంలో గణితంలో డాక్టరేటు పొంది, హైస్కూల్లో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పిన పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే ఆయన (చూశారా, మా బడిపంతుళ్ళలో ఎంతటివారున్నారో!) తరువాత అమెరికా వెళ్ళి, 1937 నుంచి రేడియో శ్రోతల మీద పరిశోధన నడిపాడు. ఆ రోజుల్లో రేడియో అంటే ఈనాటి ఇంటర్నెట్ లాంటిదే మరి. 1949లో ఆయన రాసిన ఒక వ్యాసంలో తమాషా ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు అమెరికన్ సైనికుల మీద జరిగిన పరిశోధన ఫలితాలంటూ కొన్నింటిని వరుసగా చెప్పాడు. అందులో ఒకటి: పల్లెల నుంచి వచ్చిన సైనికులు పట్నాల వారికన్నా ఉల్లాసంగా ఉన్నారు. చదివినవాడు, "ఇందులో ఏముంది? పల్లెటూరివాడు కష్టానికి అలవాటు పడ్డవాడు, ఇంతమాత్రానికి పరిశోధన ఎందుకు?" అనుకుంటాడు. అప్పుడు లాజర్స్‌ఫెల్డ్ చెబుతాడు: అసలు ఫలితాలు పైన చెప్పినవాటికి సరిగ్గా వ్యతిరేకం! వ్యతిరేకం చెప్పి ఉంటే దానికీ మనం ఒక కారణం చెప్పుకుని ఉండేవాళ్ళమే కదా. ఇంకొక సంగతి. ఎలక్ట్రాన్‌ను అనుమతి అడగనక్కరలేదు, మనిషిని అడగాలి. 2012 జనవరిలో ఫేస్‌బుక్ కంపెనీ పరిశోధకులు వారం రోజులపాటు 6,89,003 మందికి కనబడే కబుర్లలో సంతోషపు మాటలనో, విచారపు మాటలనో తగ్గించి చూశారు. అవతలివారి మాటలు వీరి మాటలను మారుస్తాయా అన్నది వారి ప్రశ్న. మార్చాయి, బహు స్వల్పంగా. 2014లో ఫలితం ప్రచురించగానే, మమ్మల్ని అడగకుండా మా మీద ప్రయోగమేమిటని గగ్గోలు పుట్టింది. చివరకు ప్రచురించిన పత్రికే తన ఆందోళనను అచ్చు వేయవలసి వచ్చింది.

మా విద్యార్థి దగ్గరకు వద్దాం. చేస్తున్న ఉద్యోగం మీద విసుగు వేరు, చేయబోయే పని మీద ఆసక్తి వేరు. మొదటిది మాత్రమే ఉన్నవాణ్ణి నేను ప్రోత్సహించను. అందుకని, "నీ ప్రశ్న ఏమిట్రా?" అని అడిగాను. వాడు ఒక నోటుబుక్కు నా ముందు పెట్టాడు. మూడు నెలలుగా తన ఫోను నుంచి ఇతరులకు పంపిన ప్రతి సందేశం, పంపిన వేళ, పంపే ముందు తాను చివరిదాకా చదివాడా లేదా, అన్నీ రాసుకున్నాడు. చాలావాటి ఎదురుగా 'చదవలేదు' అని ఉంది. "చదువుకున్నవాణ్ణి, నేనే ఇలా చేస్తుంటే ఎందుకో తెలుసుకోవద్దా మాస్టారూ?" అన్నాడు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు ఇలాగే ఫోన్లలో పాకి, మన తెలంగాణతో సహా దేశంలో చాలాచోట్ల అమాయకులను జనం కొట్టి చంపారు. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. వాడి ప్రశ్న వెనక ప్రాణాలున్నాయి.

వాళ్ళ నాన్నగారికి కష్టమైన సంగతులూ దాచకుండా చెప్పాను. జీతం ఆగిపోతుంది. ఎం.ఏ. రెండేళ్ళు, ఆ పైన పిహెచ్.డి. నాలుగైదేళ్ళు. ఏ డిగ్రీ చదివినవారినైనా ఎం.ఏ.లో చేర్చుకునే విశ్వవిద్యాలయాలు కొన్నే, అన్నీ కావు. నెట్ పరీక్షలో ఫెలోషిప్పు వస్తే 2023 నుంచి అమలైన రేటు ప్రకారం మొదట్లో నెలకు 37,000 రూపాయలు. రాకపోతే చేతి డబ్బే. కనుక అప్పు తీరేదాకా ఉద్యోగం మానవద్దని, ఈలోగా రాత్రిళ్ళు గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రపు మొదటి పుస్తకాలు చదవమని వాడికి చెప్పాను. తండ్రీ కొడుకులు దానికి ఒప్పుకున్నారు. నాన్నగారి ముఖంలో సంతోషం లేదు కాని, కోపం కూడా లేదు.

మీకు ఈ శాస్త్రం రుచి తెలియాలంటే కంప్యూటరు అక్కరలేదు, ఇంటర్నెట్టూ అక్కరలేదు. ఒక గాజుసీసా నిండా చింతగింజలు పోయండి. ఎన్ని పోశారో ముందే లెక్కపెట్టి, ఎవరికీ చెప్పకండి. తరగతిని చీట్లు తీసి రెండు జట్లు చేయండి. స్నేహితులంతా ఒకే జట్టులో చేరితే లాభం లేదు. మొదటి జట్టువాళ్ళు ఒక్కొక్కరే సీసా చూసి, తమ అంచనాను కాగితం మీద రాసి మడిచి ఇవ్వాలి. రెండో జట్టువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ అంచనాను నల్లబల్ల మీద, అందరికీ కనబడేలా రాయాలి. ఒక్కొక్క జట్టులోనూ అన్నిటికన్నా పెద్ద అంకెకూ, చిన్న అంకెకూ తేడా ఎంతో చూడండి. బల్ల మీద మొట్టమొదట రాసిన అంకె ఏదో, దాని తర్వాత వచ్చినవి దానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. రెండు జట్ల సరాసరులూ కట్టి, ఆ తరువాతే సీసాలో గింజలెన్నో చెప్పండి. ప్రయోగం చేస్తున్నామని ముందే అందరికీ చెప్పి, ఇష్టమైన వారినే చేర్చుకోవడం మరవకండి.