ముందు లైట్లు చూద్దాం!

ఇల్లు మారేటప్పుడు టీవీ వెనకాల వైర్లన్నీ ఒక్క గుంజు గుంజేసి, కొత్త ఇంట్లో ఏది ఎక్కడ పెట్టాలో తెలీక తల పట్టుకున్నారా ఎప్పుడైనా? అదే తెలివి నలభై ఏళ్ల కారు మీద చూపిస్తే ఏమవుతుందో ఈ వేసవిలో నాకు తెలిసొచ్చింది.

విజయవాడలో మా ఇంటి షెడ్డులో 1983 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉంది. ఆర్సీలో పేరు అది. మా వీధి మొత్తానికీ మాత్రం అది ‘ఫియట్’. ఆ పిలుపులోనూ తప్పేం లేదు. ఇటలీ వాళ్ల ఫియట్ 1100నే ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ముంబయి కుర్లాలో తయారుచేశారు. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, ముందు బెంచీలాంటి పొడుగాటి సీటు. 2023 అక్టోబరులో ముంబయి ట్యాక్సీల్లోంచి కూడా పద్మిని సెలవు తీసుకుంది. మా ఇంట్లో మాత్రం తీసుకోలేదు. ఎందుకంటే అది తాతయ్య కారు. ‘నా మనవరాల్ని ఈ బండిలోనే అత్తారింటికి పంపుతా’ అని చెల్లి చిన్నప్పటి నుంచీ అనేవారు.

తాతయ్య పోయి ఆరేళ్లు. చెల్లి పెళ్లి జ్యేష్ఠంలో ఖాయమవగానే నాన్న కారు మీద టార్పాలిన్ తీశారు. ఇంజిన్ పర్లేదు. కింద రేకు తుప్పు పట్టింది. వైరింగ్‌ని ఎలుకలు ఎక్కడికక్కడ కొరికేశాయి. టింకరింగ్, పెయింటింగ్ ఆటోనగర్‌లో చేయించి, లోపలి సామాను విప్పడం, బిగించడం మాత్రం మనమే చేద్దామన్నారు. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. శుక్రవారం రాత్రి బస్సెక్కి రావడం, ఆదివారం రాత్రి వెళ్లడం.

విప్పడం ఒక్క పూటలో అయిపోయింది. మీటర్లు, స్విచ్‌లు, గ్లవ్ బాక్స్ డోరు, సీట్లు, మ్యాట్లు... స్క్రూలన్నీ ఒకే పెయింటు డబ్బాలో పడేశా. ఫోన్‌లో ఫొటోలు తీశా కదా, చాలనుకున్నా. నాన్న మాత్రం తన వైపు విప్పిన ప్రతి వైరుకీ తెల్ల టేపు చుట్టి పెన్నుతో నంబరు వేశారు. స్క్రూలు ఐస్‌క్రీమ్ కప్పుల్లో, కప్పు మీద పేరు. చూసి నవ్వుకున్నా.

పెయింటింగ్ నుంచి బండి ఖాళీ డొల్లలా తిరిగొచ్చింది. అద్దాలు లేవు, వైర్లు లేవు. నా ఫొటోలు చూస్తే సగంలో నా చెయ్యే అడ్డం. మిగతా సగంలో ఎర్ర వైరు ఏదో, గోధుమరంగు వైరు ఏదో తెలీదు. ఇంజిన్ పని చేసిన మెకానిక్‌ని అడిగితే ఒక్క ముక్క చెప్పాడు. ‘తర్వాత చెయ్యి పట్టని చోట ఉండేది ముందు పెట్టుకో బాబూ.’

ఆ ఒక్క మాట నుంచి మొత్తం వరుస వచ్చేస్తుంది. మొదట వైరింగ్ కిట్. వైర్లు బాడీకి ఎర్త్ అయ్యే చోట కొత్త పెయింటు గీకి, ఇనుము కనబడేలా చేయాలి. పెయింటు మీదే బిగిస్తే కరెంటు సరిగ్గా అందదు, మీటరు ముల్లు పిచ్చిపిచ్చిగా ఊగుతుంది. తర్వాత డాష్‌బోర్డు వెనకాల ఉండే వైపర్ల లింకు రాడ్లు. ఆ తర్వాత స్పీడోమీటరు కేబుల్ తగిలించి, మీటర్లు, స్విచ్‌లు. ఇక్కడ ఆగి బ్యాటరీ పెట్టి, లైట్లు, హారన్, ఇండికేటర్లు, వైపర్లు అన్నీ ఒక్కొక్కటే చూడాలి. అన్నీ పనిచేస్తేనే ముందుకి.

అప్పుడు టాప్ లైనింగ్. ఇది అద్దాల కంటే ముందే పడాలి, ఎందుకంటే దాని అంచులు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కిందికి వెళ్తాయి. అద్దాలు బిగించాక డోర్లు. డోరు అట్ట వెనక వాన నీళ్లు ఆపే ప్లాస్టిక్ షీటు, దాని మీద అట్ట, ఆఖర్న అద్దం తిప్పే హ్యాండిల్. తర్వాత కింద మ్యాట్లు. అన్నిటికంటే చివర సీట్లు. సీటు ముందే పెట్టేస్తే డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోవడానికి చోటుండదు మరి.

ఇదంతా నాన్న ఒక తెల్ల కాగితం మీద అంకెలేసి రాసి షెడ్డు తలుపుకి అంటించారు. నేను దాటేసింది ఒక్క అంకె.

మీటర్లు బిగించిన రోజు బ్యాటరీ చార్జింగ్ షాపులో ఉంది. ‘బ్యాటరీ రానీరా, ముందు లైట్లు చూద్దాం’ అన్నారు నాన్న. పెళ్లికి పది రోజులే ఉంది. టాప్ లైనింగ్ వేసే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ‘అన్నీ అయ్యాక ఒకేసారి చూద్దాం నాన్నా, ఏం కాదు’ అన్నా. ఆఫీసులో ఎవరైనా నాతో ఈ మాట అంటే మీటింగ్ పెట్టి మరీ క్లాసు పీకుతా. ఇంట్లో నేనే అన్నా.

పెళ్లి ముందు రోజు సాయంత్రం. కారుకి పసుపు కుంకుమ, బానెట్ మీద బంతిపూల దండ. చెల్లి సరదాగా ముందు సీట్లో కూర్చుంది. నేను లైటు స్విచ్ లాగా. రెండు క్షణాలు బాగానే వెలిగాయి. తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన. మీటరు పక్కనుంచి సన్నగా పొగ. నేను కొయ్యబారిపోయా. నాన్న బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ ఒక్క లాగు లాగేశారు. మొదటిసారి కరెంటు ఇస్తున్నాం కాబట్టి, చేత్తో ఊడి వచ్చేలా దాన్ని వదులుగానే పెట్టారట.

మర్నాడు రాత్రి చెల్లి అద్దె ఇన్నోవాలో వెళ్లింది. అప్పగింతల్లో అందరూ ఏడ్చారు. నా ఏడుపులో సగం వేరే లెక్క. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

వారం తర్వాత మళ్లీ విప్పాం. సీటు, గ్లవ్ బాక్స్, మీటర్లు. ఈసారి ప్రతి స్క్రూ కప్పులోకి, ప్రతి వైరుకీ టేపు. దొరికింది. మీటరు అంచుకీ రేకుకీ మధ్య లైటు వైరొకటి ఇరుక్కుంది. నేను స్క్రూ బిగించేకొద్దీ దాని తొడుగు తెగి, లోపలి రాగి బాడీకి తగిలింది. బిగించగానే స్విచ్ వేసి చూసుంటే అప్పుడే తెలిసేది. అప్పుడు కారులో చెల్లి ఉండేది కాదు. అదే రాత్రి రోడ్డు మీద వెలిగించి ఉంటే? ఆ ఆలోచన నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

వైరు మార్చాం. పక్కనున్న వైర్లన్నీ తడిమి చూశాం. బ్యాటరీ పెట్టి అరగంట లైట్లు వేసి ఉంచాం. ఆ తర్వాతే మీటరు చుట్టూ మిగతా స్క్రూలు.

ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్లికూతుర్ని పుట్టింటికి తీసుకురావాలి కదా. గుడివాడకి బయల్దేరుతుంటే నాన్న తాళం చెవి నా చేతికిచ్చారు. నేను స్టార్ట్ చేయలేదు.

‘ముందు లైట్లు చూద్దాం నాన్నా’ అన్నా.

ఆయన బండి ముందుకెళ్లి నిలబడి, ఒక్కొక్క లైటుకీ తలూపారు.

వచ్చేటప్పుడు కంకిపాడు దగ్గర వాన అందుకుంది. స్విచ్ వేశా. వైపర్లు తాతయ్యలా నెమ్మదిగా, నిక్కచ్చిగా కదిలాయి. ముందు సీట్లో ముగ్గురం. మధ్యలో చెల్లి.

‘అత్తారింటికి కాకపోతేనేం, పుట్టింటికి తెచ్చింది’ అంది.