బొడ్డు హెర్నియా: పసివారి సంగతి వేఱు



బొడ్డు ఉబ్బిన ప్రతివారికిని తక్షణమే శస్త్రచికిత్స చేయింపవలెనని గత సంచికలో పాఠకమిత్రులొకరు వ్రాసినదానితో నేను సగమే ఏకీభవింపగలను. శిశువులయందు బొడ్డుతాడు ఊడిన పిమ్మట మూసికొనవలసిన నాభివలయము కొంతకాలము తెఱచియుండుటచే, ఏడ్చినపుడెల్ల పైకుబుకు ఆ ఉబ్బు, నొప్పిలేక లోనికి పోవుచున్నంతవఱకు, నాలుగైదేండ్లలోపల చాలమందికి తనంతటనే మానిపోవును. మానకున్నచో అపుడు శస్త్రచికిత్స. మన యిండ్లలో దానిపై రూపాయిబిళ్ల పెట్టి గుడ్డతో బిగించుట (ఈ బిళ్లవైద్యమునకు పట్టా యిచ్చినవారెవరో!) మేలుచేయదు సరిగదా, లేతచర్మమును ఒఱసి పుండుచేయును.

పెద్దలకు మాత్రము మిత్రుని మాటయే సరి. పలుకాన్పులైన స్త్రీలకును, స్థూలకాయులకును వచ్చినది తనంత మానదు. అందు ప్రేవు చిక్కి రక్తప్రసారము నిలిచెనేని ప్రాణాపాయమే. అమెరికా శస్త్రవైద్యుడు విలియం మేయో 1901లో ప్రకటించిన పద్ధతిలో ఉదరపు గట్టిపొర అంచులను ఒకదానిపై నొకటి కప్పి కుట్టెడివారు. కుట్టుమాత్రముచే మూసినవి తిరుగబెట్టుట యెక్కువగుటచే, నేడు సెంటీమీటరునకు మించిన రంధ్రమునకు వల నమర్చుట మేలనుచున్నారు. ఉబ్బు గట్టిపడి, నొప్పిపుట్టి, వాంతులైనచో, మా ఊరివారు మాచర్ల బస్సుకై తెల్లవాఱువఱకు వేచియుండక, ఆ రాత్రియే 108కు ఫోను చేయవలయును.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయపురి సౌత్, పల్నాడు జిల్లా