విల్లు మూగబోయింది, వృత్తిదారు మిగిలాడు

పుష్యమాసపు చలి ముదిరేసరికి తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపట్ల గ్రామాలలోకి ఒకప్పుడు దూదేకుల సాయిబు వచ్చేవాడు. భుజాన పొడవాటి విల్లు, చేతిలో కొయ్యసుత్తి. వరికోతలు ముగిసి ఇంటికి గింజ చేరిన వేళ అది. ఇల్లాలు గడ్డకట్టిన పాత పరుపు విప్పి అరుగు మీద దూది పోస్తే, అతడు వింటినారిని ఆ దూదిలో ఆనించి సుత్తితో మీటేవాడు. ఆ మోతకు వీధిలోని పిల్లలంతా చుట్టూ చేరేవారు. పొద్దు వాలేలోగా రాయిలాంటి దూది నురుగులా పొంగి, కొత్త గలేబులో చేరేది. కూలి కొంత ధాన్యంగా, కొంత డబ్బుగా ముట్టేది. ఆ మోత నేటి పిల్లలకు తెలియదు. విల్లు అటకెక్కింది. కొన్ని ఇళ్లలో పొయ్యిలోకీ వెళ్లింది.

పరిశ్రమల అభివృద్ధి గురించి మాట్లాడేవారు కొత్తగా లేచిన గొట్టాలను, ఎగుమతులను లెక్కిస్తారు. ఆ లెక్కలో చోటు దొరకని ఒక చేతిపని, దాన్ని నమ్ముకున్న మన నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల స్థితి ఈ నెల మా సంపాదకీయానికి విషయం.

దూదేకుల వృత్తి చిన్నదని ఎవరైనా తలిస్తే అది పొరపాటు. దూది ఏకనిదే నూలు లేదు, నూలు లేనిదే నేత లేదు. క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ పేరు చివరనున్న ‘హల్లాజ్’ అనే అరబ్బీ మాటకు దూది ఏకేవాడనే అర్థం. మన తెలుగునాట పోతులూరి వీరబ్రహ్మం గారి ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డ. నేటి రేపల్లె డివిజన్‌లోని నిజాంపట్నం ఒకనాడు పెద్దపల్లి పేరుతో విదేశీ పటాలకెక్కిన రేవు. 1606లో డచ్చివారు, 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషువారు ఆ రేవుకు వచ్చింది మన బట్ట కోసమే. ఆ బట్టకు ఎర్రరంగునిచ్చిన చిరివేరుకు కూడా ఈ తీరం పేరెన్నికగన్నది. నేతగాని మగ్గం వెనుక వడికేవారి రాట్నం, రాట్నం వెనుక ఏకేవాని విల్లు ఉండేవి. ఆనాటి వర్తకమంతా ఆ మూడు చేతుల మీద నిలిచింది.

తరువాతి కథ ఇంగ్లండులో మొదలైంది. 1748లోనే అక్కడ దూది ఏకే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. వడికే యంత్రాలు, ఆవిరి మగ్గాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఓడల దారి తిరగబడింది. మన రేవుల నుంచి బట్ట వెళ్లడం తగ్గి ముడిపత్తి వెళ్లడం పెరిగింది. అక్కడి మిల్లుబట్ట మన సంతలకు చేరింది. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలంలో అక్కడి పత్తి ఆగిపోగా ఇంగ్లండు మిల్లులు మన పత్తికి ఎగబడ్డాయి. పత్తి బేళ్లు కట్టి పంపిన చోట ఏకేవానికి పనేమి మిగులుతుంది? 1899లో బాపట్ల, తెనాలి మీదుగా మద్రాసు–బెజవాడ రైలుమార్గం పూర్తయింది. 1916లో రేపల్లెకూ రైలు వచ్చింది. ధాన్యం బయటికి పోవడానికి అది ఎంత మేలు చేసిందో, మిల్లుసరుకు పల్లెలోకి రావడానికీ అంతే దారి చూపింది.

మధ్యలో ఒక్క వెలుగు కనిపించింది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. రాట్నం తిరగాలంటే ఏకులు కావాలి గనుక దూదేకులవాని అవసరం మళ్లీ లోకానికి తెలిసివచ్చింది. అయితే స్వరాజ్యం వచ్చాక ఖద్దరు గౌరవవస్త్రంగా మిగిలింది. ఏకేవానికి ఆ గౌరవంలో వాటా దక్కలేదు.

నూలుపని పోయినా మనవారు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పరుపులు, దిండ్లు కుట్టడం జీవనాధారం చేసుకున్నారు. పత్తితోపాటు బూరుగుదూదినీ సంపాదించి, పట్నాలలో చిన్న దుకాణాలు తెరిచారు. ఆపై మోటారుతో తిరిగే ఏకుడు యంత్రం వచ్చింది. విల్లుతో ఒక పూట పట్టే పని కొద్దిసేపట్లో ముగిసింది. యంత్రం కొనగలిగినవాడు దుకాణదారుడయ్యాడు, కొనలేనివాడు అతని దగ్గర కూలివాడయ్యాడు. ఒకే ఇంటి అన్నదమ్ములు యజమాని, కూలీ అయిన సంగతి మాకు తెలుసు. ఇప్పుడు ఆ దుకాణదారుడి మీదికి కూడా పెద్ద కర్మాగారపు ఫోమ్ పరుపు వచ్చిపడింది. ప్రకటనలకు కోట్లు పెట్టేవారితో, ఫోనులో నొక్కితే గుమ్మం ముందు దించేవారితో, వాయిదాలపై ఇచ్చేవారితో బజారులోని పది అడుగుల దుకాణం ఎలా పోటీపడగలదు? పెళ్లిళ్ల కాలంలో అమ్మాయికి సారెగా ఇచ్చే పరుపు బేరమే ఈ దుకాణాలకు ఏడాది తిండి. ఆ బేరమే జారిపోతున్నది.

పోటీ కంటికి కనిపించే కష్టం. కనిపించనిది మరొకటి ఉంది. మూసిన గదిలో యంత్రం దూదిని చీల్చేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులలో చేరుతుంది. ఏళ్ల తరబడి పీల్చినవారికి ఛాతీ పట్టేయడం, ఆయాసం, దగ్గు వస్తాయి. పత్తిధూళి వల్ల వచ్చే ఈ జబ్బును వైద్యులు బిస్సినోసిస్ అంటారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దీన్ని ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తిరోగాల జాబితాలో చేర్చింది. కానీ విద్యుత్తు వాడేచోట పదిమంది కార్మికులుంటేనే అది ఆ చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ అయ్యేది. ఇద్దరు ముగ్గురు పనిచేసే మన దుకాణం ఆ గీత బయటే ఉండిపోయింది. ఈఎస్ఐ వైద్యమూ ఆ గీత దాటి రాలేదు. మిల్లు కార్మికునికి వస్తే వృత్తిరోగం, మన కార్మికునికి వస్తే వట్టి దగ్గు!

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో మా చేతుల మీదుగా ఎన్నో ధ్రువీకరణ పత్రాలు వెళ్లాయి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా వర్గాలు వెనుకబడిన తరగతుల ‘బి’ గ్రూపులో ఉన్నాయి గనుక చదువుకునే పిల్లలు ఆ కాగితం కోసం వచ్చేవారు. ఒకసారి ఒక కుర్రవాడు, “అయ్యా, మా తాత పనిని బట్టి నాకు ఈ కాగితం ఇస్తున్నారు. ఆ పనే చేస్తున్న మా నాన్నకు అప్పు మాత్రం ఏ ఆఫీసులోనూ పుట్టడం లేదు” అన్నాడు. మేము జవాబు చెప్పలేక ముద్ర వేసి పంపాము. ఆ ప్రశ్న ఇప్పటికీ మమ్మల్ని వదలలేదు.

ఆ కుర్రవాని ప్రశ్న నేటికీ తాజాగానే ఉంది. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులకు చోటిచ్చారు. శిక్షణ కాలంలో రోజుకు రూ. 500, పనిముట్లకు రూ. 15,000, ఆపై 5 శాతం వడ్డీతో రెండు విడతలుగా రూ. 3 లక్షల వరకు హామీ లేని రుణం. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ, రజకుడు, వలలు అల్లేవాడు అందరూ ఉన్నారు, సంతోషం. దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు మాత్రం లేడు. వృత్తి పేరే జాబితాలో లేనివాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి?

సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం ముస్లిం పనివారిలో 61 శాతం స్వయం ఉపాధి మీద బ్రతుకుతున్నారు. హిందువులలో ఇది 55 శాతం. అంటే బ్యాంకు అప్పు మనకు మరింత అవసరం. అదే నివేదిక ఆ అప్పు మనకు తగినంతగా అందడం లేదనీ చెప్పింది. హామీ పత్రాలు లేనివాడు వడ్డీవ్యాపారి గుమ్మమెక్కక ఏం చేస్తాడు?

యంత్రాన్ని ఆపమని మేము కోరడం లేదు. విల్లు పట్టి బ్రతకమని మన పిల్లలకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. మేము కోరేవి నాలుగు. విశ్వకర్మ జాబితాలో దూది ఏకడం, పరుపుల తయారీ చేర్చాలి. అందుకు రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి సిఫారసు చేయాలి. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఒక్కొక్క చోట ధూళిని పీల్చివేసే ఏర్పాటుతో ఉమ్మడి యంత్రశాల నెలకొల్పి, వృత్తిదారుల సహకార సంఘానికి అప్పగించాలి. ప్రభుత్వ ఆసుపత్రులు, గురుకులాలు, వసతిగృహాలు కొనే పరుపులలో కొంత భాగం ఈ సంఘాల నుంచి తీసుకోవాలి. పదిమంది లోపు పనిచేసే దుకాణాల కార్మికులకూ ఏటా ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలి.

మన వంతూ ఉంది. కార్మికునికి చెమట ఆరకముందే కూలి చెల్లించాలని చిన్ననాటి నుంచి వింటున్నాము. అయినా మన దుకాణాలలోనే కుట్టుకూలి వారాల తరబడి నిలిచిపోవడం, ఇంటి దగ్గర గలేబులు కుట్టే ఆడవారి పనికి లెక్కే లేకపోవడం మనం ఎరుగుదుము. ఇతరులను అడిగే ముందు దీన్ని సరిదిద్దుకుందాము. ప్రతి కార్మికుడూ ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 2027 జనగణనలో ఎన్యూమరేటరు వచ్చినప్పుడు వృత్తి చెప్పడానికి సిగ్గుపడకూడదు. ‘కూలి’ అనే ఒక్క మాటతో సరిపెట్టకూడదు. దూది ఏకుతాము, పరుపులు కుడతాము అని స్పష్టంగా చెప్పాలి. కాగితం మీద లేని వృత్తికి బడ్జెట్టులో రూపాయి రాదని నలభై ఏళ్లు కాగితాల మధ్య గడిపిన మా అనుభవం.

ఆనాడు మన తాతలు ఏకిన దూది బట్టగా మారి నిజాంపట్నం రేవు దాటింది. వారి పేరును ఏ వర్తకుడూ లెక్కల పుస్తకంలో రాయలేదు. వారి మనుమల పేర్లైనా ఈసారి రాయించే బాధ్యత మనది.